బొండాల కత్తి పైకి వెళ్ళింది, కిర్పాన్ గేటు దగ్గర ఆగింది

ఆ రోజు ఉదయం పదిన్నర ప్రాంతంలో ఉద్దానం వైపు నుంచి ఒక రైతు రెండు గెలల కొబ్బరి బొండాలు పట్టుకొని, నేను కాపలా ఉండే సర్కారు ఆఫీసు గేటు దగ్గరికి వచ్చాడు. పైన ఆఫీసరు గారికి. అక్కడే కొట్టి ఇవ్వడానికి కత్తి కూడా తెచ్చాడు. పిడికి పాత గుడ్డ చుట్టిన ఇనుప కత్తి, నా మోచేతి నుంచి మణికట్టు దాకా ఉంటుంది. మెటల్ డిటెక్టర్ మోగింది. అటెండరు మెట్ల మీద నిలబడి "బొండాలే, పంపించెయ్యండి" అని కేకేశాడు. పంపించేశాను. రిజిస్టరులో కూడా రాయలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక ఒక సర్దార్జీ వచ్చాడు. యాభై దాటిన మనిషి, నీలం పాగా, చొక్కా మీద డీజిల్ మరకలు. పలాసలో జీడిపప్పు లోడు ఎత్తుకొని పోతుంటే హైవే మీద ఒక బైకు తగిలింది. ఎవరికీ ప్రాణాపాయం లేదు గానీ లారీ ఆగిపోయింది. దాన్ని విడిపించుకోవాలంటే పై అంతస్తులో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ రోజే ఆఖరు తేదీ. చేతి డిటెక్టర్ పెట్టి చూస్తే ఎడమ పక్కటెముకల దగ్గర మోగింది. నేను అడక్కముందే చొక్కా ఎత్తి చూపించాడు. భుజం మీంచి అడ్డంగా నల్ల గుడ్డ పట్టీ, దానికి ఒరలో చిన్న కిర్పాన్, సిక్కులు దీక్షగా ఒంటి మీదే ఉంచుకునే కత్తి. ఒర, పిడి అన్నీ కలుపుకున్నా జానెడు లేదు. భుజం దగ్గర ఆ పట్టీ మీద చెమట ఆరి ఉప్పు తెల్లగా పేరుకుంది.

"ఇక్కడ పెట్టి వెళ్ళండి, టోకెన్ ఇస్తాను" అన్నాను హిందీలో.

"ఇది తీయను భాయి సాబ్. అమృతం పుచ్చుకున్నవాణ్ణి. కావాలంటే మీరు నాతో పైకి రండి, నా పక్కనే నిలబడండి. ఐదు నిమిషాల పని."

కుదరదన్నాను. ఇంకోసారి అడిగాడు. మళ్ళీ కుదరదన్నాను. ఆయన దండం పెట్టి, వెళ్ళి కాంపౌండులో బాదం చెట్టు కింద కూర్చున్నాడు. పైనున్న గుమస్తాని కిందికి రమ్మని కబురు పెడితే రాలేదు. నాలుగున్నరకి సర్దార్జీ లేచి వెళ్ళిపోయాడు. ఆ లారీ ఇంకో మూడు రోజులు ఆగిందని తర్వాత తెలిసింది.

ఇది జరిగి రెండేళ్ళయింది. నేను శ్రీకాకుళంలో ఒక సర్కారు భవనం గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. అంతకు ముందు ఆర్మీలో 24 ఏళ్ళు చేసి హవల్దారుగా రిటైరయ్యాను. కిర్పాన్ అంటే ఏమిటో తెలియనివాడు ఆ పని చేసి ఉంటే తెలియక చేశాడని సరిపెట్టుకోవచ్చు. నాకు తెలుసు. తెలిసీ ఆపాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఫిరోజ్‌పూర్‌లో ఉన్నప్పుడు నా పక్క మంచం ఒక సిక్కు నాయక్‌ది. అమృత్‌ధారి. అంటే దీక్ష తీసుకున్న సిక్కు. సిక్కులందరూ కిర్పాన్ పెట్టుకోరు, దీక్ష తీసుకున్నవాళ్ళకే అది తప్పనిసరి. నిద్రలో కూడా తీసేవాడు కాదు. బోరింగు దగ్గర స్నానం చేసేటప్పుడు సబ్బు రుద్దుకోవడానికి పట్టీని భుజం మీంచి తీసి తలకు చుట్టుకునేవాడు. ఒళ్ళు కడుక్కోగానే మళ్ళీ భుజానికి. ఒంటి నుంచి మాత్రం వేరయ్యేది కాదు. మూడేళ్ళు పక్కపక్కనే పడుకున్నాం. ఒక్క రోజు కూడా దాన్ని ఒరలోంచి తీసి ఎవరికీ చూపించగా నేను చూడలేదు.

ఆదివారాలు అందరం కలిసే గుడికీ వెళ్ళేవాళ్ళం, గురుద్వారాకీ వెళ్ళేవాళ్ళం. పిండి, నెయ్యి, పంచదార సమానంగా వేసి వండిన కడా ప్రసాదం పెద్ద గిన్నెలో ఉంటుంది. ప్రార్థన అయ్యాక గ్రంథి, అంటే గురుద్వారాలో గ్రంథం చదివే పెద్ద, కిర్పాన్ తీసి ఆ హల్వాలోంచి ఒకసారి పోనిస్తాడు. హల్వా మీద సన్నటి గీత పడుతుంది, నెయ్యి ఆ గీతలోకి మెల్లగా ఊరుతుంది. ఆ తర్వాతే పంచుతారు. కిర్పాన్‌కి పని చెప్పగా నేను కళ్ళారా చూసింది అక్కడొక్క చోటే.

కిర్పాన్ మనకు కొత్త మాటేం కాదు. మన కృపాణమే అది. సిక్కులు మాత్రం దాన్ని విడదీసి కిర్పా, ఆన్ అని చెబుతారు. దయ, గౌరవం అని. ఆ రెండో ముక్క వినగానే నాకు మన 'ఆన' గుర్తొస్తుంది. నీ మీద ఆన అంటామే, ఆ ఆన. వ్యుత్పత్తి ప్రకారం ఒప్పో కాదో పండితులు చెప్పాలి గానీ, ఒంటి మీద ఒట్టును మోస్తున్న మనిషని అనుకుంటే నాకు విషయం సూటిగా అర్థమవుతుంది. 1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్ సాహిబ్‌లో గురు గోవింద్ సింగ్ ఖాల్సాను, అంటే దీక్ష తీసుకున్న సిక్కుల సమాజాన్ని, స్థాపించినప్పటి నుంచి ఆ ఒట్టు నడుస్తోంది. ఆ రోజు గురువు తల అడిగితే మొదటగా ఇవ్వడానికి ముందుకొచ్చిన ఐదుగురిలో ఒకరు బీదరు మనిషి, ఒకరు పూరీ మనిషి అని సిక్కుల సంప్రదాయం చెబుతుంది. ఇచ్ఛాపురం దాటితే మనకు పూరీ ఎంత దూరమని? ఆ ఒట్టు ఎక్కడో పంజాబు వాళ్ళ సంగతి అని నేను అనుకోలేను.

మరి తెలిసీ ఎందుకు ఆపావంటే, భయం. సర్దార్జీ అంటే భయం కాదు, ఉద్యోగం భయం. మేం సెక్యూరిటీ ఏజెన్సీ మనుషులం. ఏదైనా జరిగితే ముందు అడిగేది గేటు దగ్గరున్నవాణ్ణే. 'ఆయుధాలు లోపలికి అనుమతించరాదు' అని గోడ మీద ఒక్క లైను రాసి ఉంది, అంతే. ఏది ఆయుధం, ఎంత పొడవు, ఎవరికి మినహాయింపు, అనుమానం వస్తే ఎవరిని అడగాలి, ఇవేవీ లేవు. అలాంటప్పుడు గార్డు ఏం చేస్తాడు? పై నుంచి కేక వస్తే వదిలేస్తాడు, రాకపోతే ఆపేస్తాడు. బొండాల కత్తికి కేక వచ్చింది. కిర్పాన్‌కి రాలేదు.

కాబట్టి గార్డులు ఇంకాస్త మంచి మనసుతో ఉండాలని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. మనసు మీద వదిలేస్తే ఒక షిఫ్టులో ఒక న్యాయం, ఇంకో షిఫ్టులో ఇంకో న్యాయం జరుగుతుంది. రాతపూర్వకమైన రూలు కావాలి. కొలతతో సహా.

చట్టం మనం అనుకున్నంత అయోమయంగా ఏమీ లేదు. రాజ్యాంగం 25వ అధికరణంలోనే, వివరణ కింద, కిర్పాన్ ధరించడం, వెంట ఉంచుకోవడం సిక్కు మతాన్ని అవలంబించడంలో భాగమేనని రాసి ఉంది. ఒక వస్తువు పేరు పెట్టి మరీ ప్రాథమిక హక్కుల అధ్యాయంలో రాశారంటే దాని వెనుక చరిత్ర ఉంది. బ్రిటిష్ వాళ్ళ ఆయుధాల చట్టం కింద కిర్పాన్ పెట్టుకున్నందుకు 1920ల మొదట్లో సిక్కులు జైళ్ళకు వెళ్ళారు. అయితే అదే 25వ అధికరణం మొదట్లో, ఈ హక్కులన్నీ ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంటాయని కూడా ఉంది. ఆ మాట దాచి వాదించడం నాకిష్టం లేదు.

కొలత కూడా ఎవరో కొత్తగా కనిపెట్టక్కర్లేదు. దేశంలో తిరిగే విమానాల్లో 6 అంగుళాల లోపు అలుగు, మొత్తం 9 అంగుళాల లోపు పొడవు ఉన్న కిర్పాన్‌ను ఒంటి మీదే ఉంచుకోనిస్తారు. విదేశాలకు వెళ్ళే విమానాల్లో కుదరదు. 2022 మార్చిలో పౌర విమానయాన భద్రతా విభాగం ఇచ్చిన ఉత్తర్వులో విమానాశ్రయాల్లో పనిచేసే సిక్కులకు ఇది వర్తించదన్నారు. అభ్యంతరాలు రావడంతో కొద్ది రోజుల్లోనే ఆ మాట తీసేశారు. అసలు ప్రయాణికులకే ఈ అనుమతి ఉండకూడదని వేసిన పిటిషన్‌ను అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. 9 అంగుళాలంటే మన లెక్కలో జానెడు. 6 అంగుళాలంటే రెండు బెత్తెలు. నిరక్షరాస్యుడైన గార్డు కూడా చేత్తో కొలిచి చెప్పగలడు. విశాఖలో విమానం ఎక్కి ఢిల్లీ దాకా ఆకాశంలో పెట్టుకోగలిగిన దాన్ని, మా రెండంతస్తుల ఆఫీసులో మెట్లెక్కడానికి పెట్టుకోకూడదా?

మా షిఫ్టులో ఒక కుర్రాడున్నాడు, నన్ను బాబాయ్ అంటాడు. ఆ సాయంత్రం వాడితో ఈ మాటంటే, "రూలంటే అందరికీ ఒకటే కదా బాబాయ్, ఆయనకి వదిలితే రేపు ఇంకొకడొస్తాడు, ఏటి చేస్తాం?" అన్నాడు. తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. చాలామంది మనసులో ఉండేది అదే.

మన దగ్గర రూలు అందరికీ ఒకటిగా ఎప్పుడుందో చూడండి. కార్తీకం వస్తే మా ఆఫీసులో సగం మంది అయ్యప్ప మాలలో ఉంటారు. చెప్పులుండవు, గడ్డం గీసుకోరు, నల్ల బట్టలతోనే సీట్లో కూర్చుంటారు. మా గార్డుల్లోనే ఇద్దరు మాల వేస్తారు. ఆ 41 రోజులు వాళ్ళకు యూనిఫాం బూట్లు లేకుండానే డ్యూటీ వేస్తాను. ఎవరూ తప్పుపట్టలేదు, పట్టకూడదు కూడా. 2024 అక్టోబరులో శబరిమల యాత్రికులు ఇరుముడిలోని కొబ్బరికాయను విమానంలో తమతోనే తీసుకెళ్ళడానికి కొన్ని నెలల పాటు అనుమతిచ్చారు, తనిఖీలు చేసే షరతు మీద. మామూలుగా కొబ్బరికాయ చేతిసంచిలో నిషేధం. ఒక దీక్షను గౌరవించడానికి రూలులో చోటు చేశారు. 41 రోజుల దీక్షకు చోటు ఉన్నప్పుడు బతికినన్నాళ్ళూ ఉండే దీక్షకు ఎందుకు ఉండదు?

ఒంటి మీంచి తీయించడం అంటే ఏమిటో మా ఇంట్లో వాళ్ళకు ఇంకో దారిలో తెలిసింది. మా మేనకోడలు పెళ్ళైన నాలుగో నెలలో విజయనగరంలో ఒక ఉద్యోగ పరీక్ష రాసింది. సెంటరు గేటు దగ్గర పుస్తెలతాడు తీయమన్నారు. వాళ్ళ అత్తగారు పక్క కొట్టుకి పరుగెత్తి, పసుపు కొమ్ము కొని, దారానికి కట్టి మెడలో వేసి లోపలికి పంపింది. మూడు గంటలూ ఆవిడ పుస్తెలతాడును కొంగులో మూట కట్టి గుండెకి ఆనించుకొని గేటు బయట ఎండలో నిలబడింది. పిల్ల మాత్రం లోపల ఏం రాసిందో తనకే తెలియదంది. పరీక్షలో కాపీ కొట్టకుండా చూడాలి, ఒప్పుకుంటాను. కానీ తనిఖీ చేయడం వేరు, తీయించడం వేరు. నీట్ పరీక్షకు సిక్కు విద్యార్థులు కడియం, కిర్పాన్‌తో రావచ్చని, కాకపోతే ఒక గంట ముందే వచ్చి తనిఖీ చేయించుకోవాలని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ గంట ముందు అన్న షరతులోనే మొత్తం పరిష్కారం ఉంది. నువ్వు కొంచెం ముందు రా, నేను కొంచెం ఎక్కువ చూస్తాను.

ఈ రెండేళ్ళలో దీని గురించి దొరికిందల్లా చదివాను. అందులో నన్ను ఎక్కువ కుదిపింది అమెరికాలో ఒక ఆఫీసు కథ. హ్యూస్టన్‌లో ఆదాయపు పన్ను శాఖలో కవల్‌జీత్ కౌర్ టాగోర్ అనే ఉద్యోగిని 2005లో అమృతం తీసుకొని, కిర్పాన్‌తో ఆఫీసుకొచ్చింది. ఫెడరల్ భవనంలోకి రెండున్నర అంగుళాలకు మించిన అలుగు కుదరదని ఆపారు. కొన్ని నెలలు ఇంటి నుంచి పని చేయించి, 2006లో ఉద్యోగంలోంచి తీసేశారు. ఆవిడ కోర్టుకు వెళ్ళింది. ఆవిడ వాదనలో ఒక ముక్క చదివి పుస్తకం మూసేసి కూర్చున్నాను. అదే భవనంలో కత్తెరలున్నాయి, అట్టపెట్టెలు కోసే బ్లేడులున్నాయి, పుట్టినరోజు కేకులు కోసే చాకులున్నాయి, వాటిని ఎవరూ అడగరు అని. నా బొండాల కత్తి ఆ కేకు చాకే. 2014లో ప్రభుత్వం ఆవిడతో రాజీకి వచ్చింది.

మా పై అంతస్తులో ఫైళ్ళు కుట్టే దబ్బనాలు ప్రతి టేబుల్ మీదా ఉంటాయి. నేను కొలిచాను, 5 అంగుళాలు. ఒర లేదు, పట్టీకి కుట్టిలేదు, ఎవరైనా తీసుకోవచ్చు.

కెనడా సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన తీర్పు ఇంకా లోతుగా వెళ్ళింది. మాంట్రియల్‌లో గుర్బాజ్ సింగ్ ముల్తానీ అనే పన్నెండేళ్ళ పిల్లాడి కిర్పాన్ 2001లో స్కూలు ఆవరణలో జారి కింద పడింది. అక్కణ్ణుంచి మొదలైంది గొడవ. చివరికి పూర్తి నిషేధం చెల్లదన్నారు. అలాగని ఎలాగైనా పెట్టుకో అని కూడా అనలేదు. బట్టల లోపల ఉండాలి, ఒర చెక్కదై ఉండాలి, దాన్ని గట్టి గుడ్డలో పెట్టి కుట్టేయాలి, ఆ గుడ్డను పట్టీకి కుట్టాలి, స్కూలు వాళ్ళు అప్పుడప్పుడు చూసుకోవచ్చు. కెనడా బడుల్లో సిక్కు పిల్లలు చదువుతున్న నూరేళ్ళలో కిర్పాన్‌తో దాడి జరిగినట్టు ఒక్క సంఘటనా తమ ముందుకు రాలేదని కూడా ఆ తీర్పులో ఉంది.

అయితే ఎక్కడా ఎప్పుడూ జరగలేదని నేను చెప్పను. 2021 మేలో సిడ్నీలో ఒక సిక్కు విద్యార్థి బడిలో ఇంకో విద్యార్థిని కిర్పాన్‌తో పొడిచాడు. ఆ రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో కిర్పాన్‌ను వెంటనే నిషేధించింది. అది దెబ్బ తిన్న పిల్లాడి తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే న్యాయమే. నాకు నచ్చింది తర్వాత జరిగింది. సిక్కు పెద్దలతో కూర్చొని మాట్లాడి, అదే ఏడాది ఆగస్టుకల్లా చిన్నదై, పదును లేకుండా, ఒరలో, బట్టల లోపల ఉండేట్టయితే పెట్టుకోవచ్చని మార్చారు. ఒక పిల్లాడు చేసిన తప్పుకి అందరి ఒట్టునీ తీయించలేదు. జరిగిన దాన్ని చూడనట్టు కళ్ళు మూసుకోనూ లేదు.

కొన్ని చోట్ల కుదరదంటే నేనూ ఒప్పుకుంటాను. జైల్లో ఖైదీని చూడ్డానికి వెళ్ళేటప్పుడు, కోర్టులో రిమాండు ముద్దాయిల పక్కన కూర్చునేటప్పుడు, అక్కడ ప్రమాదం కిర్పాన్ పెట్టుకున్నవాడి నుంచి కాదు, పక్కవాడు లాక్కోవడం నుంచి. తాగి వస్తే ఎవరినైనా ఆపాల్సిందే. పెద్ద తల్వారు సంగతీ వేరే. 1989లో తరన్ తారన్ నుంచి లోక్‌సభకు గెలిచిన సిమ్రన్‌జీత్ సింగ్ మాన్ పెద్ద కిర్పాన్‌తోనే సభలోకి వస్తానని పట్టుబట్టారు, రానివ్వలేదు, ఆయన సభలో అడుగు పెట్టకుండానే రాజీనామా చేశారు. అక్కడ నేను గార్డునైనా ఆపేవాణ్ణే.

క్విబెక్ శాసనసభ 2011లో కిర్పాన్‌ను పూర్తిగా వద్దంది, 2018లో కోర్టులు అది సభ హక్కేనన్నాయి. అదే కెనడాలో ఒట్టావా పార్లమెంటులో మాత్రం పెట్టుకోవచ్చు. క్విబెక్ నిర్ణయం నాకు నచ్చలేదు. కానీ అక్కడికి వెళ్ళే సిక్కుకి ముందే తెలుసు, కుదరదని. మా గేటు దగ్గర ఆ సర్దార్జీకి అది కూడా తెలియదు. మండుటెండలో వచ్చాక తెలిసింది, అదీ నా నోటి వెంట.

మన జిల్లాల్లో బాకు అనగానే తాండ్ర పాపారాయుడే గుర్తొస్తాడు. 1757 బొబ్బిలి యుద్ధం, ఆ తర్వాత గుడారంలో దూరి విజయరామరాజును పొడవడం, చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. బట్టల కింద బాకు ఉందంటే పగ ఉన్నట్టే అని మనలో ఎక్కడో పాతుకుపోయింది. సర్దార్జీ చొక్కా ఎత్తినప్పుడు నా చేయి తెలియకుండానే లాఠీ మీదకు పోయింది. 24 ఏళ్ళు సిక్కులతో ఒకే లంగరులో, అంటే ఒకే వంటశాలలో, తిన్నవాణ్ణి, నాకే అలా అయింది. అందుకే ఆ క్షణంలో గార్డు మనసును నమ్ముకోవద్దంటున్నాను.

ఆ నెలలోనే ఒక అర్జీ రాసి పై ఆఫీసులో ఇచ్చాను. విమానాల కొలతనే ఇక్కడా పాటించండి, జానెడు లోపు ఉండి ఒరలో ఉంటే తీయమని అడగొద్దు, పేరు, ఫోన్ నంబరు రాసుకొని ఒక గార్డు వెంట వెళ్ళాలి, అంతకు మించి పొడవుంటే గుమస్తానే కాగితం పట్టుకొని కిందికి రావాలి, ఈ నాలుగు ముక్కలూ తెలుగులోనూ హిందీలోనూ గేటు మీద బోర్డుగా పెట్టండి అని. "మంచిదే, కానీ పై నుంచి ఆర్డరు రావాలి" అన్నారు. రెండుసార్లు గుర్తు చేశాను. ఇంకా పై నుంచే రావాలి. కలెక్టరేట్లలో, కోర్టుల్లో, పెద్దాసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు ఇది చదువుతుంటే మీ గేటు దగ్గర గార్డుని ఒకసారి అడగండి, కిర్పాన్‌తో ఒకరొస్తే ఏం చేస్తావని. వాడు తడుముకుంటే తప్పు వాడిది కాదు.

ఆర్డరు వచ్చేలోపు నా చేతిలో ఉన్నది నేను చేశాను. మా డ్యూటీ పుస్తకం మొదటి పేజీలో ఆ నాలుగు ముక్కలూ రాసి, ఏజెన్సీ మేనేజరు చేత సంతకం పెట్టించాను. ప్రతి షిఫ్టు మారేటప్పుడు కొత్తగా వచ్చినవాడు దాన్ని చదివి కింద పొట్టి సంతకం చేయాలి. గేటు గదిలో చెక్క బల్ల అంచున స్కేలు పెట్టి 6 అంగుళాల దగ్గర ఒకటి, 9 అంగుళాల దగ్గర ఒకటి బాల్‌పెన్నుతో గీతలు గీశాను.

మొన్న మళ్ళీ బొండాలు వచ్చాయి. అటెండరు మెట్ల మీంచి మళ్ళీ కేకేశాడు. బాబాయ్ అనే కుర్రాడు కత్తిని బల్ల మీద పెట్టి చూశాడు. రెండో గీత దాటి ఇంకా చాలా దూరం పోయింది. రిజిస్టరులో 'బొండాల కత్తి, 1' అని రాసి గదిలో పెట్టుకున్నాడు. బొండాలు గేటు దగ్గరే కొట్టి, గ్లాసుల్లో పోసి పైకి పంపాం.